లైన్ మీద వేలు పెట్టి చూపించు

పోయిన వేసవి నుంచి మా ఇంట్లో ఒక మాట పట్టుకుంది. "సమాచారం చాలదు." పులుసులో ఉప్పు సరిపోయిందా అని అడిగితే మా వారు "సమాచారం చాలదు, ఇంకో గరిటె వెయ్యి" అంటారు. రేపు నీళ్ళ ట్యాంకరు వస్తుందా అంటే మా చిన్నాడు అదే మాట. నవ్వుకోడానికి బాగానే ఉంది గానీ, ఆ మాట మా ఇంట్లోకి వచ్చిన రోజుల్లో ఎవరికీ నవ్వు రాలేదు.

మా పెద్దమ్మాయి నంద్యాలలో ఉండి బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకుంది. మా మార్కాపురం వైపు పిల్లలకు ఇది మామూలే. డిగ్రీ అవగానే రైలెక్కి, కంభం, గిద్దలూరు దాటి, నల్లమల దాటి నంద్యాలలో దిగుతారు. ఇది పీఓ ప్రిలిమ్స్ గట్టెక్కింది, మెయిన్స్‌లో పోయింది. మరుసటేడు మళ్ళీ అంతే. స్కోర్ కార్డు తీసి చూస్తే లెక్కలు బాగానే ఉన్నాయి, రీజనింగ్ దగ్గర దెబ్బ. అందులోనూ ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో చెప్పే పజిళ్ళు గబగబా చేసేస్తుంది. ఒక చిన్న పేరా ఇచ్చి, దాన్నుంచి ఏం తేలుతుందో చెప్పమంటారు చూడండి, ఇన్ఫరెన్స్ ప్రశ్నలు, అవి వస్తే మాత్రం ఇంట్లో చేసినా పదింటికి ఆరు తప్పు. వదిలేద్దామంటే మార్కులు పోతాయి, రాద్దామంటే తప్పుకు నాలుగో వంతు కోత.

మూడోసారి రాయనిద్దామా, సంబంధాలు చూద్దామా అన్న మాట మా వారూ నేనూ పైకి అనుకోలేదు. కానీ మధ్యవర్తి ఒకాయన రెండుసార్లు వచ్చి కాఫీ తాగి వెళ్ళాడు. అది చూసి పిల్ల ఏం తేల్చుకుందో దానికే తెలియాలి. ఆ రాత్రి వంటింట్లోకి వచ్చి, "అమ్మా, ఈ ఒక్కసారి. నువ్వు జవాబుల పేజీ పట్టుకుని నా పక్కన కూర్చో చాలు" అంది.

నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. ఇంటర్‌తో ఆగిపోయినదాన్ని. క్లర్కు పరీక్షయితే ఇప్పుడు తెలుగులోనూ రాయొచ్చు గానీ పీఓ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది. అందుకని అది ప్రతి పేరానీ ముందు నాకు తెలుగులో చెప్పాలని ఒప్పందం పెట్టుకున్నాం. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే అది చదివి చెప్పేది. చెప్పాక కింద ఒక ముగింపు వాక్యం. దానికి ఐదు గడులు: ఖచ్చితంగా నిజం, బహుశా నిజం, సమాచారం చాలదు, బహుశా అబద్ధం, ఖచ్చితంగా అబద్ధం. అమెరికాలో వాట్సన్, గ్లేజర్ అని ఇద్దరు తయారుచేసిన పరీక్షలో కూడా ఇదే వరస ఉందని అదే చెప్పింది. ఇంగ్లండులో లాయర్ల సంస్థలు ఉద్యోగమిచ్చే ముందు ఇప్పటికీ ఆ పరీక్ష పెడతాయట. మన పిల్లలకే కాదు ఈ బాధ అని కొంచెం ఊరట కలిగింది నాకు.

మొదటి వారంలోనే అసలు చిక్కేంటో తెలిసింది. ఒక పేరా ఇలా ఉంది: ఒక జిల్లాలో పదేళ్ళుగా కొత్తగా వేసే బోర్ల సగటు లోతు పెరుగుతూ వచ్చింది, అదే కాలంలో బోర్ల కింద సాగయ్యే విస్తీర్ణం మారలేదు. కింద ముగింపు: ఆ జిల్లాలో వానలు తగ్గాయి. మా అమ్మాయి కన్ను మూసి తెరిచేలోగా "ఖచ్చితంగా నిజం" అంది. నేను జవాబుల పేజీ చూశాను. సమాచారం చాలదు.

దానికి కోపమొచ్చింది. "వానలు తగ్గకుండా బోర్లెందుకు లోతుకు పోతాయి? మనింట్లో మూడు బోర్లు వేశాం. రెండు ఎండిపోయినయ్. మూడోది ఏడొందల అడుగులు. ఈ పుస్తకం రాసినాయన ఒక్క ఎండాకాలం మార్కాపురంలో ఉంటే తెలిసేది!"

నేను ఏదో అనాలి కదా అని, "ఎక్కువ తోడేస్తే కూడా లోతుకు పోవాలి కదే" అన్నాను.

"సాగు విస్తీర్ణం మారలేదన్నాడుగా!"

"విస్తీర్ణం మారకపోతే పంట మారకూడదా? కంది వేసిన ఎకరంలోనే బత్తాయి తోట పెట్టి ఉండొచ్చు. ఎకరం అదే, తాగే నీళ్ళు వేరు."

అది నోరు మూసుకుని నా వంక చూసింది. నేను నిజంగా అంత ఆలోచించి అనలేదు. మా పుట్టింటి వైపు చూసిన సంగతే నోటికొచ్చింది. కానీ ఆ రాత్రి ఇద్దరికీ ఒకటి అర్థమైంది. దీనికి తెలియక తప్పులు పోవడం లేదు, తెలిసి పోతున్నాయి. నీళ్ళ గురించి, కరువు గురించి, వలస గురించి పేరా వచ్చిందంటే అది పేరా చదవడం మానేసి మా ఊరిని చదువుతోంది. బ్రెజిల్ కాఫీ మీద పేరా వస్తే మాత్రం కరెక్టుగా పెడుతోంది. అక్కడ దానికేమీ తెలియదు కాబట్టి!

అలాగని బొత్తిగా లోకజ్ఞానం వాడకూడదనీ కాదు. "బహుశా" అన్న రెండు గడులూ అందుకే ఉన్నాయి. ఎండాకాలంలో నీళ్ళ వాడకం ఎక్కువ అన్నంత మామూలు సంగతయితే కలుపుకోవచ్చు. మా వీధి బోరు సంగతి కలుపుకోకూడదు. ఈ గీత ఎక్కడుందో పట్టుకోడానికే మాకు నెల పట్టింది.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. జవాబు చెప్పగానే నేను "లైన్ మీద వేలు పెట్టి చూపించు" అంటాను. పేరాలో ఏ మాట వల్ల ఈ ముగింపు తేలిందో ఆ మాట మీద వేలు పెట్టాలి. ఒక్కోసారి రెండు వాక్యాల మీద రెండు వేళ్ళు పెట్టాల్సి వస్తుంది, రెండూ కలిస్తేనే తేలుతుంది. వేలు గాల్లో ఆగిపోయిందంటే అది దాని బుర్రలోంచి వచ్చిన మాటే.

తెలుగులో చెప్పించడం కూడా మేలే చేసింది. ఇంగ్లీషులో గబగబా చదువుకుపోయేటప్పుడు జారిపోయే చిన్న మాటలు తెలుగులో పెట్టేసరికి ఆగి కనపడేవి. "కొందరు రైతులు" అని పైన ఉంటే కింద ముగింపులో "రైతులు" అని ఉంటుంది. పైన "ముఖ్య కారణం" అని ఉంటే కింద "ఏకైక కారణం" అని ఉంటుంది. "అందరూ", "ఎప్పుడూ", "మాత్రమే" అని గట్టిగా మాట్లాడే జవాబు కనపడితే అనుమానించమని, "కొన్నిసార్లు", "కనీసం ఒకరైనా" అని మెత్తగా మాట్లాడే జవాబుకు రుజువు తక్కువ చాలు కాబట్టి అదే నిలబడే అవకాశం ఎక్కువని కోచింగ్‌లో చెప్పారట. మరీ దాన్నే పట్టుకుని కూర్చోకూడదు లెండి. పేరాలోనే "అందరూ" అని ఉంటే గట్టి జవాబే సరైనదవుతుంది. ఇంకో చిక్కు, ఊహకీ ముగింపుకీ తేడా. పాలాయన రేపు రాడట, ఇవాళే రెండు లీటర్లు తీసుకుందాం అన్నానని అనుకోండి. రేపటికీ ఇంట్లో పాలు కావాలి, అవి రేపటిదాకా విరగవు అన్నవి నేను ముందే మనసులో అనుకున్నవి. రేపు ఆయన దగ్గర పాలు దొరకవు అన్నది నా మాటలోంచి తేలేది. మొదటిది మాట కింద ఉన్న పునాది, రెండోది మాట మీద లేచే గోడ. దీనికి రెండు రోజులు పట్టింది, పాలు మాత్రం ఎన్నిసార్లు కాచానో!

పుస్తకాల్లో పేరాలు అయిపోయాక అదే సొంతంగా పేరాలు తయారుచేయడం మొదలుపెట్టింది. అందులో ఒకటి మా మామగారి దగ్గర చదివింది. ఆయన పలకల కార్ఖానాలో పనిచేసినవారు. ఒక ఊరి నుంచి బయటికి పోయే రాతి సరుకులో రాసుకునే పలకల వాటా పదేళ్ళలో సగానికి పడిపోయింది. ముగింపు: ఆ ఊళ్ళో పలకల తయారీ తగ్గింది.

"ఖచ్చితంగా నిజం" అన్నారు మామగారు. "నా కళ్ళారా చూశా."

"తాతా, ముందు నూరు లారీల సరుకు పోయేది, అందులో నలభై పలకలవి అనుకో. ఇప్పుడు నేలకీ గోడలకీ వేసే రాళ్ళు ఎక్కువై రెండొందల లారీలు పోతున్నాయి, పలకలవి అదే నలభై. వాటా సగమైంది, పలక ఒక్కటి కూడా తగ్గలేదు."

"మన ఊళ్ళో అట్లా జరగలేదు. పలకలు నిజంగానే తగ్గినయ్. పిల్లకాయలు పలకలు పట్టడమే మానేశారు."

"నిజమే తాతా. కానీ ఈ పేరాలో లేదు."

ఆయన కాసేపు ఆలోచించి, "నిజం చెప్తే మార్కు కొట్టేసేది ఇదేం పరీక్ష" అని బయట అరుగు మీదికి వెళ్ళిపోయారు. ఆయన బాధ నాకు అర్థమైంది. ఆ పని పోవడం ఆయన చేతులకు తెలుసు.

వెలిగొండ మీద కూడా ఒకటి రాసింది. శ్రీశైలం నీళ్ళను నల్లమల కింద నుంచి మా వైపు తెచ్చే రెండు సొరంగాల్లో మొదటిది 2021లో, రెండోది 2024 జనవరిలో తవ్వడం పూర్తయింది. 1996లో శంకుస్థాపన జరిగిన పని కదా, ఆ వార్త వచ్చిన రోజు మా వీధిలో "ఇంకేం, నీళ్ళొచ్చినట్టే" అనని మనిషి లేడు. నేనూ అన్నాను. తవ్వకం అయింది అన్న మాట మీద వేలు పెడితే తేలేది తవ్వకం అయిందనే. కాలవలున్నాయి, రిజర్వాయరుంది, మునిగే ఊళ్ళ వాళ్ళకు ఇళ్ళూ వాకిళ్ళూ చూపించడముంది. దాహంతో ఉన్నవాళ్ళకు ఇవన్నీ గుర్తురావు. ఈ ఒక్క పేరా మీద అమ్మాయి తప్పు చేయలేదు, తప్పు చేసింది నేను.

అప్పటికి నాకూ ఈ పిచ్చి పట్టుకుంది. నిప్పు లేనిదే పొగ రాదని మనం ఎంత తేలిగ్గా అనేస్తామో! తర్కశాస్త్రంలో అనుమానం అంటే మనం అనుకునే డౌటు కాదట, కనపడిన గుర్తును బట్టి కనపడనిదాన్ని తేల్చుకోవడమట. అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఉదాహరణ కూడా ఈ పొగా నిప్పూనే. కొండ మీద పొగ కనపడితే అక్కడ నిప్పుందని తేల్చొచ్చు. నిప్పుంది కాబట్టి పొగ ఉంటుందని మాత్రం తేల్చకూడదు. ఎర్రగా కాలిన ఇనుములో నిప్పుంటుంది, పొగుండదు. పొగ రావాలంటే కట్టె తడిదై ఉండాలి. ఇది చదివి నేను చాలాసేపు కూర్చున్నాను. కాపురానికొచ్చిన కొత్తలో వానాకాలం తడి కట్టెలతో కళ్ళు మండించుకున్నదాన్ని. ఇప్పుడు గ్యాస్ పొయ్యి ముందు నిలబడి రోజూ పొగ లేని నిప్పే చూస్తున్నాను. అయినా ఈ తేడా నా బుర్రకు తట్టలేదు.

ఎందుకు తడుతుంది? మనం ఇంట్లో బతికేదంతా దీనికి తిరగేసిన పద్ధతి. గేటు చప్పుడును బట్టి ఆయన మూడ్ చెప్పేస్తాం. "చూద్దాంలే వదినా" అంటే రారని అర్థం. పెళ్ళిలో పెట్టిన చీర మడత విప్పకుండా పక్కన పెడితే నచ్చలేదని అర్థం. అనని మాట వినిపించకపోతే సంసారం చేయడం రాదంటారు. ముప్పై ఏళ్ళు ఆ పరీక్షలో నాకు ఫస్ట్ క్లాసే అనుకుంటూ ఉన్నాను.

గిద్దలూరులో మా అక్క ఉంది. 2019లో మా ఇంటి గృహప్రవేశానికి రాలేదు. ఫోన్ కూడా చేయలేదు. అంతకుముందు ఏడాదే నాన్న పొలం అమ్మితే వాటాల దగ్గర కాస్త మాటా మాటా వచ్చింది. గృహప్రవేశానికి నెల ముందు బావకు గుండెకు స్టెంట్ వేశారని మాకు తర్వాతెప్పుడో తెలిసింది. తోడబుట్టినదానికి ఆ సంగతి కూడా చెప్పలేదంటే ఇంక పొలం దగ్గర తెగతెంపులు చేసుకున్నట్టే అని తేల్చేశాను. అప్పటి నుంచి పెళ్ళిళ్ళలో కనపడితే "బాగున్నావా" అంటే "బాగున్నా", అంతే. రైలెక్కితే రెండు గంటలు కూడా పట్టని ఊరు.

ఒక రాత్రి అమ్మాయి పుస్తకం మూసేసి, "అమ్మా, పెద్దమ్మ మీద ఒక పేరా రాద్దామా" అంది. నాకు నచ్చలేదు. అయినా అది రాసేసింది. పెద్దమ్మ గృహప్రవేశానికి రాలేదు. ఫోన్ చేయలేదు. పెదనాన్నకు స్టెంట్ వేసిన సంగతి అమ్మకు తర్వాత తెలిసింది. పొలం వాటాల దగ్గర మాటలొచ్చాయి. ముగింపు ఒకటి: పెద్దమ్మకు అమ్మ మీద కోపం. ముగింపు రెండు: ఆ కోపానికి కారణం పొలం.

"మొదటిది బహుశా నిజం అనొచ్చు" అంది. "రెండోదానికి లైన్ మీద వేలు పెట్టి చూపించు."

నేను కాయితం పట్టుకుని చూస్తూనే ఉన్నాను. పొలం వాక్యం మీద వేలు పెట్టాను, తీసేశాను. స్టెంట్ వాక్యం మీద పెట్టాను. "అమ్మకు తర్వాత తెలిసింది" అని ఉంది. "పెద్దమ్మ చెప్పలేదు" అని కూడా లేదు. అది నేను కలుపుకున్నది.

మరో నాలుగు రోజులు ఊరికే ఉన్నాను. పరీక్షలో అయితే గడిలో చుక్క పెట్టి ముందుకు పోవచ్చు. ఇక్కడ సమాచారం చాలదంటే, ఆ సమాచారం ఎవరి దగ్గరుందో వాళ్ళను అడగాలి. నాకేమో అహం అడ్డం. ఐదో రోజు మధ్యాహ్నం, అందరూ పడుకున్నాక ఫోన్ చేశాను. ముందు పచ్చళ్ళ గురించి మాట్లాడాను. తర్వాత అడిగేశాను, గృహప్రవేశానికి ఎందుకు రాలేదక్కా అని.

చాలాసేపు చప్పుడు లేదు. "మీ బావ కర్నూలు ఆస్పత్రిలో వారం పడుకుంటే నువ్వు తొంగి చూశావా?" అంది.

"నాకు తెలియదక్కా."

"తెలియదా? తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాగా, మార్కాపురం కూడా చెప్పరా అని. చెప్పానన్నాడు."

"నాకు చెప్పలేదు."

"నువ్వు రాకపోయేసరికి... పొలం మాటలు మనసులో పెట్టుకుని మనిషి చావుబతుకుల్లో ఉన్నా రాలేదనుకున్నా."

అంటే ఇద్దరం ఒకే పొలాన్ని పట్టుకుని చెరో పక్క నుంచీ ఒకే ముగింపుకొచ్చాం. దానికి కోపం ఉన్న మాట నిజమే, నేను అక్కడ తప్పు పోలేదు. పొలం గురించి దానికి బాధ లేకపోలేదని కూడా ఆ ఫోన్లోనే తెలిసింది. తమ్ముడు తనకు చెప్పమని ఎవరూ అనలేదంటాడు, అక్క చెప్పానంటుంది. ఇన్నేళ్ళ తర్వాత దాన్ని ఏ గడిలో పెట్టాలో దేవుడికి తెలియాలి. మేమిద్దరం ఏడ్చేసి కలిసిపోయాం అని రాయాలని ఉంది గానీ అట్లా జరగలేదు. "సరేలే, పెట్టేస్తున్నా" అంది. రెండు వారాల తర్వాత తనే ఫోన్ చేసి, ఒకసారి వచ్చి పోండి అంది.

మెయిన్స్ అయిపోయిన వారం అమ్మాయీ నేనూ మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కాం. గిద్దలూరు వచ్చేదాకా నేనేమీ మాట్లాడలేదు. అది మాత్రం ఈసారి ఇన్ఫరెన్స్ ప్రశ్నలు ఎన్ని పెట్టిందో, ఎన్ని వదిలేసిందో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

బావ చిక్కిపోయారు. పలకరింపులయ్యాక అక్క అమ్మాయిని దగ్గర కూర్చోబెట్టుకుని, "ఇంత చదివావు, ఈసారి వచ్చినట్టేలే" అంది.

"సమాచారం చాలదు పెద్దమ్మా, రిజల్ట్ రానీ" అంది ఇది.

మధ్యవర్తి ఆయన్ను రిజల్ట్ వచ్చేదాకా రావద్దన్నామని నేను అప్పుడే అందరి ముందూ చెప్పేశాను. అమ్మాయి తలెత్తి చూసింది. ఆ సంగతి దానికీ అప్పటిదాకా చెప్పలేదు.

భోజనాలయ్యాయి. పొలం మాట ఎవరూ ఎత్తలేదు. బయల్దేరేటప్పుడు అక్క ఒక సీసా తెచ్చి నా సంచిలో పెట్టింది. ఉసిరికాయ పచ్చడి. నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. సీసా మీద చీటీ అంటించి ఉంది, కిందటి కార్తీకమాసం అని. అంటే నేను ఫోన్ చేయడానికి ఎన్నో నెలల ముందు. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అమ్మాయి పక్కనుంచి నన్ను మోచేత్తో పొడిచింది. దానికి అర్థమైపోయింది, నా వేలు గాల్లో ఉందని.

సరే, అడిగేశాను. "నా కోసమే పెట్టావా అక్కా?"

"నీ కోసమని ఎవరన్నారే? డాక్టరు మీ బావను ఉప్పు మానెయ్యమన్నాడు. ఇంట్లో తినేవాళ్ళు లేరు, తీసుకుపో" అంది.

సీసా తీసుకున్నాను. మూత గట్టిగా పట్టిందో లేదో చూసి, ఒలకకుండా సంచిలో నిలువుగా పెట్టింది అక్క. రైలుకు టైమవుతోందని బావ ఆటో పిలిచారు.